తలకాడ పొడిచిన పొద్దు

నిన్న మా సంఘంలో ఒక పసివాణ్ణి సమాధి చేశారు. గొయ్యి తవ్వడం అయ్యాక మా కుర్ర పాస్టరుగారు జేబులోంచి ఇత్తడి డబ్బీ ఒకటి తీశారు. గడియారమేమో అనుకున్నాను. మూత తీస్తే లోపల సన్నటి ముల్లు వణుకుతూ ఉంది. దిక్సూచి అట. దాన్ని అరచేతిలో పెట్టుకుని గోతి చుట్టూ తిరిగి, తవ్వేవాళ్ళతో "తల వైపు బెత్తెడు ఎడమకి జరపండి" అన్నారు. వాళ్ళు జరిపారు. ఎంత శ్రద్ధ, ఎంత చదువు అని చుట్టూ ఉన్నవాళ్ళు మెచ్చుకున్నారు. నేను మాత్రం ఆ డబ్బీనే చూస్తూ ఒక రాతి మీద కూర్చున్నాను. ఇంటికొచ్చి అన్నం కలుపుకున్నానే గాని ముద్ద నోట పెట్టలేకపోయాను. ఎండ దెబ్బేమోనని కోడలు మజ్జిగ ఇచ్చింది. ఎండా కాదు, గిండా కాదు. ఆ డబ్బీ నా చిన్నతనంలో మా పేటలో ఒక్కరి దగ్గర ఉండి ఉంటే, మా అమ్మ బతుకు మరోలా ఉండేది.

మా పేట ఊరికి దిగువన, వరిచేల నడుమ చిన్న మెరక మీద ఉండేది. ఇప్పుడా పేటా లేదు, ఆ తాటాకు ఇళ్ళూ లేవు. మావాళ్ళంతా బోర్డింగు బడి చుట్టుపక్కల పెంకుటిళ్ళు కట్టుకుని పెద్దమనుషులైపోయారు. వానాకాలం వస్తే ఇంట్లో తడిసిన తాటాకు వాసన, పొయ్యిలో పచ్చిపుల్లల పొగ, చూరుకు వేలాడే ఎండుచేపల వాసన. ఈ మూడూ కలిసిన గాలి మళ్ళీ నా ముక్కుకి తగల్లేదు. పొద్దున్నే గంజిలో ఉప్పుకల్లు వేసుకుని, చేప ముక్క నిప్పుల మీద కాల్చుకు తింటే మధ్యాహ్నం దాకా ఆకలి గుర్తుండేది కాదు.

మా తాత ఆనకట్టకి రాళ్ళు మోసిన మనిషి. ఆ తరవాత దొరలు కాలవలు తవ్వించారు. ఒక కాలవ మా పేట పక్కనుంచే పారేది. మాకు దిక్కులు నేర్పింది నీరే. గోదారి తూర్పుకి పోయి సముద్రంలో కలుస్తుంది, పేట పక్క కాలవా అటే పోతుంది. "నీరు పోయేదే తూరుపు" అనేవాళ్ళు పెద్దవాళ్ళు. ముసురు పట్టి రోజుల తరబడి పొద్దు కనపడకపోయినా మాకు బెంగ లేదు. కాలవలో గడ్డిపరక వేసి చూస్తే చాలు, తూర్పు తెలిసిపోయేది.

మేము కిరస్తానం పుచ్చుకున్న కొత్త. పేటలో సగంమంది కలిశారు, సగంమంది కలవలేదు. మా ఇంట్లోనే మా మామ్మ, అంటే మా అయ్యని కన్నతల్లి, కలవలేదు. రాజమండ్రి వైపు నుంచి ఒక కుర్ర ఉపదేశిగారిని మాకోసం పంపించారు. సన్నగా, ఎప్పుడూ జలుబుతో ఉండేవాడు. సాయంత్రం మావాళ్ళు చేల నుంచి రాగానే పాకలో ఆముదపు దీపం పెట్టి పాఠం చెప్పేవాడు.

ఒకనాడు చావు గురించి చెప్పాడు. నమ్మినవాళ్ళు చావరట, నిద్రపోతారట. ఆత్మ ప్రభువు దగ్గర ఉంటుంది, ఒళ్ళు మట్టిలో ఎదురుచూస్తూ ఉంటుంది. చివరి రోజున కడబూర మోగుతుంది. ప్రభువు తూర్పు నుంచి వస్తాడు. అందుకని తల పడమరకీ కాళ్ళు తూర్పుకీ పెట్టి పాతిపెట్టాలి. లేచి కూర్చోగానే ఎదురుగా ఆయన ముఖమే కనపడుతుంది. ఇదంతా చెప్పి, మా చినాన్నని చాప మీద పడుకోబెట్టి, లేపి చూపించాడు. చినాన్న లేచి దండం పెట్టేసరికి పాకంతా నవ్వులు.

అమ్మ నవ్వలేదు. నాకు ముందు పుట్టిన ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. వాళ్ళెక్కడున్నారో, మళ్ళీ కనపడతారో లేదో అంతవరకూ అమ్మకి ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. పోయిన బిడ్డ మళ్ళీ లేచి కూర్చుంటుందన్న మాట ఆవిడ వినడం అదే మొదలు. ఆ రాత్రి అన్నం పెడుతూ కూడా ఆ మాటే గొణుక్కుంటూ ఉంది.

మామ్మ ఒప్పుకోలేదు. "లేచేదాకా తిండేంటి మరి?" అంది.

"నిద్రపోతారు కదత్తా" అంది అమ్మ.

"ఆకలితో నిద్దరెలా పడద్దే? పెద్దలకి నాలుగు మెతుకులు పెట్టకుండా పడుకోమంటే పడుకుంటారా?" మామ్మ దగ్గర ప్రతిదానికీ ఒక మెలిక ఉండేది. నమ్మనివాళ్ళు అగ్నిలోకి పోతారని ఉపదేశిగారు భయపెడితే, "మా ముసలాడు అక్కడే ఉన్నాడుగా బాబూ, నాకూ అక్కడే ఓ పొయ్యి చూసుంచుతాడులే" అని ఆయన ముఖం మీదే అంది.

నాకో చెల్లెలు ఉండేది, నాకంటే మూడేళ్ళు చిన్న. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు గాని, నా చెల్లి అంత చక్కనిదేం కాదు. చప్పిడి ముక్కు, తలనిండా చింపిరి జుట్టు. మొండిఘటం. ఎటు ముఖం ఉంటే అటే పరిగెత్తేది, వెనకనుంచి ఎంత పిలిచినా తిరిగి చూసేది కాదు. సంతకి తీసుకెళ్ళిన ప్రతిసారీ తప్పిపోయేది. అమ్మ దాన్ని వెనకనుంచి పిలవడం మానేసి, చుట్టూ తిరిగి పరిగెత్తి ఎదురుగా వెళ్ళి నిలబడేది. అమ్మ ముఖం కనపడితేనే అది ఆగేది.

ఉపదేశిగారి పాఠం మాకు మంచి ఆట అయి కూచుంది. నూర్పిడి కళ్ళంలో పిల్లలమంతా పడమరకి తల పెట్టి వరసగా పడుకునేవాళ్ళం. నేను తాటాకు బూర ఊదాలి, అందరూ లేవాలి. చెల్లి మాత్రం బూర ఊదేదాకా ఎన్నడూ ఆగలేదు. ఒక కన్ను తెరిచి చూస్తూ, నేను బూర నోట పెట్టుకోకముందే లేచి పరుగు లంకించుకునేది. "చచ్చినవాళ్ళు ముందే లేవకూడదే" అని నేను వీపు మీద చరిచేదాన్ని. "నాకు పడుకుంటే దురదేస్తంది" అనేది. అటు పోతూ పోతూ మోతుబరి గారి పాతరలో తేగలు లాక్కొచ్చి, కాల్చుకు తిని, పొట్టు మా మామ్మ మంచం కింద దాచేవాళ్ళం. తిట్లు మామ్మకి పడేవి.

ఆ ఏడు ఊడ్పుల ముందు మరిడి జాడ్యం, అదే కలరా, వచ్చింది. చెల్లికి పొద్దున వాంతులు మొదలయ్యాయి, సాయంత్రానికి కళ్ళు లోపలికి పోయాయి. దాహం, దాహం అని ఏడ్చింది. ఆ జబ్బులో నీళ్ళివ్వకూడదని అప్పట్లో అందరి నమ్మకం. పక్కనే కాలవ నిండా పారుతూంటే మేము దానికి గుక్కెడు నీళ్ళు పొయ్యలేదు. తడిగుడ్డ పెదాలకి అద్దితే ఆ గుడ్డని పళ్ళతో పట్టుకుని వదల్లేదు. దీపాల వేళకి పోయింది.

పేటవాళ్ళ పాత శ్మశానంలో మా పిల్లని పెట్టనివ్వం అన్నారు కలవనివాళ్ళు. మతం మారి మరిడమ్మకి కోపం తెప్పించింది మీరే, మీ చావు మీరు చావండి అన్నారు. పేటకి చాలా ఎగువన, కాలవ గట్టు కింద ఎవరికీ పట్టని నేల చెక్క ఒకటి ఉంటే, అక్కడ పెట్టుకోమని కాలవ గుమాస్తా మాటమాత్రంగా సెలవిచ్చాడు. అంతకుముందు అటు మావాళ్ళెవరూ వెళ్ళింది లేదు. నాలుగు రోజులుగా ముసురు, ఆకాశం బూడిద ముద్దలా ఉంది. ఈతచాపలో చుట్టిన చెల్లిని అయ్య రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. గట్టు వెంబడే, బురదలో జారుతూ నడిచాం.

ఉపదేశిగారు గొడుగు కింద తడుస్తూ, "తూర్పెటండి?" అని అడిగాడు. ఆయనదా ఊరు కాదు.

చినాన్న కాలవ వైపు చెయ్యి చూపించాడు. "నీళ్ళు పోయేది తూరుపేగా అండి."

నీళ్ళు పోయే వైపుకి కాళ్ళు పెట్టి దాన్ని పడుకోబెట్టారు. అందరికీ తెలిసిన సంగతే కనక ఎవరూ రెండో మాట అడగలేదు.

మూడోనాడు తెల్లవారుతూనే మామ్మ ఆకులో అన్నం, ఎండుచేప ముక్క, దాచి ఉంచిన ఎండు తేగ ఒకటి పెట్టుకుని బయల్దేరింది. కాకికి పెట్టాలి, అది పాత ఆచారం. మా మతంలో కూడదు. అమ్మ వద్దనలేదు, తనూ వెనకాలే వచ్చింది, నన్నూ తీసుకొచ్చింది. మేము అక్కడికి చేరేసరికి ముసురు విడిచింది. ఇన్నాళ్ళకి పొద్దు పొడిచింది. మామ్మ ఆకు కింద పెట్టి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి అంది:

"ఒసే, పొద్దు దీని తలకాడ పొడిచిందేంటే?"

అప్పుడు చూశాం. కాలవ ఆ చోట ఒక దిబ్బని చుట్టుకుని వెనక్కి తిరిగింది. ఆ కాస్త మేరా నీళ్ళు పడమరకి పారుతున్నాయి. గోదారిని దేవుడు పారించాడు, కాలవని దొరలు పారించారు. దొరలు తవ్విన నీరు ఎటైనా పోతుందని మాకెవరికీ తట్టలేదు. చెల్లి తల తూర్పున ఉంది, కాళ్ళు పడమర ఉన్నాయి. అమ్మ ఆ మట్టి దగ్గర కూర్చుని చాలాసేపు ఏడవకుండా చూస్తూ ఉంది. ఎండ చురుక్కుమన్నాక లేచి, తిన్నగా ఉపదేశిగారి పాకకి నడిచింది.

"పంతులుగారండీ, నా బిడ్డని తిరగేసి పెట్టామండి."

సంగతి అర్థమయ్యేసరికి ఆయన ముఖం పాలిపోయింది. "అది మనం పెట్టుకున్న పద్ధతమ్మా. దేవుడికి తూర్పేంటి, పడమరేంటి?" అన్నాడు.

"మరి మాకెందుకు చెప్పారండి?"

చెప్పేవాడికి వినేవాడు లోకువ. కాని ఆ రోజు చెప్పేవాడే లోకువైపోయాడు. ముక్కు తుడుచుకుని, "లేచాక వెనక్కి తిరిగి చూస్తుందిలే అమ్మా" అన్నాడు.

"అది చూడదండి. మీకు తెలీదు. ఎటు ముఖం ఉంటే అటే పరిగెత్తుద్ది. ఆయన ఇటునుంచి వత్తా ఉంటే అది అటు పరిగెత్తిపోద్ది. పిలిచినా తిరగదండి" అంది అమ్మ. అప్పుడు ఏడ్చింది. మా అమ్మ ఏడుపంతా ఆ ఒక్క మాటకే.

తవ్వి తిప్పి పెడదామంటే అయ్య భయపడ్డాడు. మరిడి జాడ్యంతో పోయిన పీనుగుని పైకి తీస్తే జబ్బు మళ్ళీ లేస్తుందని ఊరంతా నమ్మకం. తెలిస్తే కొంపలు తగలబెడతారు. అన్నిటికీ మాకు బాప్తిస్మం ఇచ్చిన మిషను దొరగారే దిక్కన్నారు మావాళ్ళు. ఆయన పడవ మీద కాలవల వెంట తిరుగుతూ కొన్నాళ్ళకి మా రేవుకొచ్చాడు. గడ్డం, ఎర్రబడ్డ మెడ, పుస్తకంలోంచి తీసినట్టుండే తెలుగు.

అమ్మ రేవులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి అంతా చెప్పింది. ఆయన ఓపిగ్గా విని, "దేవుడు సమస్తమును ఎరుగును, అమ్మా. నీ కుమార్తెను ఎరుగును" అన్నాడు.

"ఎరుగుతారండి. మరి మీ బంగళా దొడ్లో మీ చిన్నపాపగారి గోరీ తూరుపుకే ఎందుకు కట్టించారండి? బాప్తిస్మానికి వచ్చినప్పుడు చూశానండి. రాయి పెట్టి, తిన్నగా కట్టించారు."

చినాన్న అమ్మ చెయ్యి పట్టుకుని లాగబోయాడు. దొరగారు వద్దని సైగ చేశాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు. "నాకు తెలియదు, అమ్మా" అన్నాడు. పడవ వెళ్ళిపోయింది. అమ్మ ఆ దొరని ఎన్నడూ తప్పు పట్టలేదు. తెలీదన్న మనిషి ఆయనొక్కడే కదే అనేది.

ఊడ్పులు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, మనుషులంతా చేలల్లో ఉండగా, మిట్టమధ్యాహ్నం అమ్మ పార పట్టుకుని నన్ను రమ్మంది. గట్టు మీద నిలబడి ఎవరైనా వస్తే చెప్పమంది. నేను గట్టుకేసి కాక అమ్మకేసే చూస్తూ నిలబడ్డాను. మా నేలలో చెయ్యి లోతు తవ్వితే నీరు. ఆవిడ తవ్వినకొద్దీ గోతిలో ఎర్రటి నీరు ఊరింది. ఈతచాప అంచు కనిపించింది. అమ్మ పార పక్కన పెట్టి, వంగి, ఆ అంచు మీద చెయ్యి వేసింది. అలాగే ఉండిపోయింది. నీళ్ళు మెల్లిగా చాప మీదికి, అమ్మ మణికట్టు మీదికి వచ్చాయి.

"కదిపితే చేతికేం వత్తాదో" అంది. చెయ్యి తీసేసి, మట్టి మళ్ళీ కప్పేసింది.

తరవాత ఏమనుకుందో, లేచి చెల్లి కాళ్ళ వైపుకి వెళ్ళింది. అక్కడ పడమరకి తలపెట్టి, తన పాదాలు ఆ మట్టికి ఆనేలా వెల్లకిలా పడుకుంది. నేను గట్టు దిగి పరిగెత్తాను. అమ్మ మాత్రం లేచి కూర్చుని, నాకు లెక్క చెప్పినట్టు చెప్పింది:

"ఇటు చూడు. నేను ఇక్కడ పడుకుంటే, లేచేసరికి నా ముఖం తూరుపుకే కదా? దాని ముఖం నా వైపుకే. నన్ను చూస్తే ఆగుద్ది. ఆగాక భుజం పట్టుకుని తిప్పుతాను. అదిగోనే, నీ వెనకాల అంటాను." చాలా రోజులకి అమ్మ ముఖంలో నవ్వు లాంటిది కనపడింది.

ఆ చోట బిళ్ళగన్నేరు మొక్క నాటింది. ఆ గట్టు కింద మా వాళ్ళవి మరికొన్ని సమాధులు లేచాయి, అన్నీ సరిగ్గా తూర్పుకే. ఎవరు పోయినా అమ్మ ముందు పరిగెత్తి, "అది నా చోటండి, దాన్ని ముట్టుకోకండి" అని కాపలా కాసేది. ఆడవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు, నీకు చావంటే ఇంత తొందరేంటే అని. అమ్మ పట్టించుకునేది కాదు. ఆ తరవాత నాలుగేళ్ళు మా ఇంట్లో కాస్త వెలుతురు ఉండేది. అమ్మకి బతకడానికి ఆ ఆరడుగుల నేల సరిపోయింది.

తరవాత ఒక వానాకాలం గోదారి పొంగింది. కాలవ గట్టు నీటి పోటుకి ఆగలేదు. వంపు తిరిగిన చోట గండి పడింది. వాన వెలిశాక మేము వెళ్ళి చూస్తే సమాధులూ లేవు, బిళ్ళగన్నేరూ లేదు, దిబ్బా లేదు. ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఎర్రనీరు సుడి తిరుగుతూ ఉంది. నీళ్ళు అడిగి అడిగి పోయిన పిల్ల నీళ్ళ కిందికి పోయింది.

సముద్రం కూడా తనలో ఉన్న మృతులను అప్పగిస్తుందమ్మా అని ఉపదేశిగారు ఓదార్చబోయాడు. అప్పటికి ఆయనకీ పెళ్ళయి, ఒక బిడ్డ పోయాడు. అమ్మ నెమ్మదిగానే అంది: "అప్పజెబుద్దిలెండి. ఏ రేవులో లేత్తాదో నాకెవరు చెబుతారండి? నేనెక్కడ నిలబడాలి?" నన్ను బోర్డింగు బడికి పంపి చదివించి వాక్యం చెప్పే బైబిలు స్త్రీని చేశారు, ఆ మాటకి జవాబు మాత్రం నేర్పలేదు.

ఆ తరవాత అమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. గుడికి వచ్చేది, కీర్తనల్లో పెదవులు కదిపేది. మామ్మ పోయినప్పుడు పాత శ్మశానంలో తాత పక్కన పెట్టారు. "ముసల్ది అదృష్టవంతురాలు, ఎక్కడికెళ్ళాలో తెలిసి ఎళ్ళింది" అంది అమ్మ. మంచాన పడ్డాక ఒకరోజు నేనే అడిగాను, అమ్మా, నిన్ను ఎలా పెట్టమంటావని. గోడకేసి తిరిగి పడుకుని ఉంది.

"ఎటైనా పెట్టండే. ఇంక నాకెదురుగా ఎవరున్నారు?"

కొత్త సమాధుల తోటలో పద్ధతి ప్రకారం తూర్పుకే పెట్టాం. సున్నం వేయించి, సిలువ నాటించాను. చూసినవాళ్ళంతా బాగుందన్నారు.

నిన్న ఆ పసివాడి తల్లి నా దగ్గరికొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. పద్దెనిమిదేళ్ళు ఉంటాయేమో. "అమ్మగారండీ, మావాడు లేచేసరికి తిన్నగా ఆయన్నే చూస్తాడుగా అండి?" అంది.

"చూస్తాడమ్మా" అన్నాను. ముల్లు పెట్టి మరీ చూశారుగా, నాకేం, ధైర్యంగానే అన్నాను. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. నలభై ఏళ్ళుగా ఇంటింటికీ తిరిగి ఆ మాటే చెబుతున్నాను. వినేవాళ్ళకి అది పని చేస్తుంది. నాకు మాత్రం ఒక్కనాడూ పని చెయ్యలేదు. నా చెల్లి ఎటు చూస్తోందో తెలియనిదే నాకు ఏ ఓదార్పూ అంటదు. అది తెలిసేవాళ్ళు ఈ భూమ్మీద లేరు. పైన ఉన్నాడని చెప్పడం నా ఉద్యోగం.

ఇవాళ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఉంటే వీధిలో పిల్లలెవరో తాటాకు బూర ఊదారు. ఉలిక్కిపడి తలెత్తాను. అందరిలా తూర్పుకి కాదు, ఎప్పటిలాగే పడమరకి చూశాను, చింపిరి జుట్టు పిల్ల ఎవరైనా పరిగెత్తిపోతోందేమోనని. వీధి ఖాళీగా ఉంది. బూర ఇంకా మోగుతూనే ఉంది.